తీరిక వేళ: మెరుగూ, తరుగూ

పోయిన నెల ఈ శీర్షిక క్రింద కుట్టుమిషనుకు నూనె వేసే పద్ధతి వ్రాశాను. దానికి ఆడవారి దగ్గర నుంచి మెప్పు వచ్చింది, మగవారి దగ్గర నుంచి ఫిర్యాదు వచ్చింది. "మాకు పనికివచ్చే సంగతి ఒక్కటీ వ్రాయవేమయ్యా?" అని మన సంఘం గ్రంథాలయంలో ఒక పెద్దమనిషి నన్ను నిలదీశారు. అందుచేత ఈ నెల మోటారు కారు రంగుకు యంత్రంతో మెరుగు పెట్టడం గురించి వ్రాస్తున్నాను. ఇది నేను చెడగొట్టి, తరువాత నేర్చుకొన్న విద్య. ఇందులో మా పిన్ని కూడా ఉన్నది కనుక ఆడవారు కూడా చదవవచ్చును.

మా బాబాయిగారు 2012లో కారు కొన్నారు. ముదురు నీలం రంగు. బెంగుళూరులో ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి, పదవీ విరమణ నాడు చేతికి వచ్చిన డబ్బుతో కొన్నది. ఆయనకు మొదటి కారూ అదే, చివరి కారూ అదే. రోజూ ఉదయం కాఫీ కాగానే ఒక పసుపుపచ్చ గుడ్డ భుజాన వేసుకొని క్రిందికి దిగేవారు. కప్పు నుంచి చక్రాల దాకా తుడిచిన తరువాతగాని పేపరు ముట్టేవారు కాదు. 2022లో ఆయన కాలం చేశారు. అప్పటి నుంచి కారు ముసుగు వేసుకొని ఇంటి ముందు ఒక మూల ఉండిపోయింది.

నిరుడు మా చెల్లెలికి, అంటే బాబాయిగారి అమ్మాయికి, పెళ్ళి కుదిరింది. పిన్ని నన్ను పిలిచి, "ఏరా నాయనా, పెళ్ళికూతురు మీ బాబాయి కారులోనే కల్యాణ మంటపానికి వెళ్ళాలి. అద్దె కారు వద్దు. ఆయన ఎలాగూ లేరు, ఆయన బండి అయినా ఉండాలి" అన్నది. ముసుగు తీసి ఎండలోకి తోసి చూశాం. బానెట్టు మీద సూర్యుడు పడినచోట చుట్టూ సాలెగూడు అల్లినట్లు సన్నని గీతలు. తలుపుల మీద బోరు నీళ్ళు ఎండిన తెల్ల మచ్చలు. "ఇది నా వంతు పిన్నీ. నెల రోజుల్లో అద్దంలా చేసి పెడతాను" అన్నాను. గుమాస్తాకు అంత మాట తగదు. కాని పిన్ని ముఖం చూసి నోరు జారింది.

ఆ ఆదివారం ఒక స్నేహితుడి దగ్గర పాలీషు యంత్రం అడిగి తెచ్చుకొన్నాను. జె.సి. రోడ్డులో కాంపౌండు డబ్బా కొన్నాను. మెరుపు నొక్కిన కొద్దీ వస్తుందనుకొన్నాను. వెనుక తలుపుకు నిలువునా ఒక మడత అంచు ఉన్నది. దానిమీద యంత్రం ఆనించి అయిదు నిమిషాలు పోరాడాను. మొదట కాలిన వాసన వచ్చింది. తుడిచి చూస్తే చింతగింజంత మేర నీలం పోయి, క్రింది బూడిదరంగు బయటపడి ఉన్నది.

పిన్ని వచ్చి చూసింది. నేను తల ఎత్తలేదు. "పోనీలేరా. వంటలోనూ మాడుతుంది. ఈసారి మంట తగ్గించుకో" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మర్నాడు ఆఫీసు కాగానే మా పేటలో టింకరింగు, పెయింటింగు చేసే ఒక ముసలి మేస్త్రీ దగ్గరకు కారు తీసుకొని వెళ్ళాను. ఆయన మచ్చ మీద వేలు పెట్టి, "ఉజ్జిద్దు జాస్తి ఆయ్తు, స్వామీ" అన్నాడు. రుద్దడం ఎక్కువైందట. ఆ తరువాత ఆయన నాకు చెప్పినదీ, ఆయన పక్కన నిలబడి నేను చేసి చూసినదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట తెలుసుకోవలసింది కారు మీద రంగు ఎంత మందం ఉంటుందన్నది. అంబాసిడరు, ప్రీమియర్ పద్మినీల రోజుల్లో కారుకు పాలీషు పెడితే గుడ్డకు కారు రంగే అంటుకొనేదని పెద్దలకు జ్ఞాపకం ఉండవచ్చు. అప్పుడు పైన ఉన్నదీ రంగే, క్రింద ఉన్నదీ రంగే. ఆ తరహా రంగుల చరిత్ర పాతది. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే త్వరగా ఆరే రంగు తెచ్చింది. మన పెయింటర్లు ఇప్పటికీ పిచికారీ రంగును "డ్యూకో" అనే అంటారు. 1980ల నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిమీద ప్రైమరు, దానిమీద రంగు, అన్నిటికన్నా పైన రంగులేని గాజువంటి పూత. ఈ చివరిదానినే క్లియర్ కోటు అంటారు. మెరుపంతా దానిది. ఎండ దెబ్బ నుంచి రంగును కాచేదీ అదే.

ఈ పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటాయి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అందులో క్లియర్ కోటు వాటా సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే మనం యంత్రం పట్టుకొని యుద్ధం చేసేది వెంట్రుక మందం కూడా లేని పొర మీద! అంచుల దగ్గరా, మడతల దగ్గరా అది ఇంకా పలచగా ఉంటుంది. నేను మాడ్చింది సరిగ్గా అటువంటి చోటునే.

ఇక మెరుగు అంటే ఏమిటి? గీత పడిన చోట వెలుతురు చెదిరిపోతుంది. పైభాగం నున్నగా ఉంటే వెలుతురు ఒకే తీరుగా తిరిగివస్తుంది, అదే మెరుపు. గీతను పూడ్చలేము. గీత అడుగు దాకా చుట్టుపక్కల పొరను అరగదీసి సమం చేయడమే పాలీషు. కంసాలి దగ్గర గాజులకు మెరుగు పెట్టిస్తే తరుగు పోతుందని మన ఆడవారందరికీ తెలుసు. కారుకూ అంతే. మెరుగు ఉన్నచోట తరుగు ఉన్నది. కంసాలి తరుగు లెక్క చెబుతాడు, కారు చెప్పదు.

నా భాషలో చెప్పాలంటే క్లియర్ కోటు ఒక డిపాజిట్టు. దానికి వడ్డీ లేదు, కొత్తగా జమ చేయడం లేదు. తేలికపాటి పాలీషుకు ఒక మైక్రానో, ఆ లోపో పోతుంది. గట్టి కాంపౌండుతో రుద్దితే అంతకు ఎన్నో రెట్లు పోతుంది. ప్రతి సంవత్సరం పండుగకు ఒకసారి గట్టిగా రుద్దించేవారు డిపాజిట్టు తీసి దీపావళి టపాకాయలు కాల్చినవారే.

మేస్త్రీ ఒక చిన్న కొలత పనిముట్టు తెచ్చి కారంతా ఆనించి చూశాడు. అది రేకు మీద రంగు మొత్తం మందం చెబుతుంది. అందులో పై పొర ఎంతో విడదీసి చెప్పదు. ప్లాస్టిక్ బంపరు మీద పనిచేయదు. కప్పు మీద 118, బానెట్టు మీద 105 చూపింది. కుడివైపు వెనుక తలుపు మీద 240! "ఇది ఎప్పుడో మళ్ళీ రంగు వేయించిన తలుపు" అన్నాడు. ఇంటికి వచ్చి పిన్నిని అడిగితే, "అవునురా, ఒకసారి ఆటోవాడు గుద్దాడు. నాకు తెలిస్తే కంగారు పడతానని మీ బాబాయి రెండు రోజులు చెప్పలేదు" అన్నది.

ఇప్పుడు యంత్రం సంగతి. నేను తెచ్చింది రోటరీ, అంటే ఒకే ఇరుసు మీద తిరగలిలా తిరిగేది. మోటారు బలమంతా ఒక్కచోట దిగుతుంది, వేడి పుడుతుంది. చేయి తిరిగినవాడికి అది మంచి పనిముట్టే. నావంటివాడికి కత్తి. రెండవది డ్యూయల్ యాక్షన్ యంత్రం, డి.ఏ. అంటారు. చిన్నప్పుడు భూగోళంలో చదువుకొన్నాం గదా, భూమి తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుని చుట్టూ కూడా తిరుగుతుందని. ఈ యంత్రం బిళ్ళ అలాగే తన చుట్టూ తాను తిరుగుతూ, ఇరుసు చుట్టూ చిన్న సున్నాలు చుడుతుంది. ఆ సున్నా వెడల్పు యంత్రాన్ని బట్టి 8, 15, 21 మిల్లీమీటర్లు ఉంటుంది. దీనిలో ఉన్న మేలు ఏమంటే, తన చుట్టూ తాను తిరగమని బిళ్ళను మోటారు బలవంతం చేయదు. గట్టిగా నొక్కినా, అంచు మీద వంచినా ఆ తిరుగుడు ఆగిపోతుంది. అందువల్ల కాల్చే భయం తక్కువ, గుండ్రని చారలూ తక్కువ. భయం తక్కువే గాని బొత్తిగా లేకపోలేదు సుమా! అంచుల మీదా, ప్లాస్టిక్ మీదా దీనితోనూ జాగ్రత్త కావలసిందే. ప్లాస్టిక్‌కు వేడి త్వరగా పోదు.

బిళ్ళ అంచున నల్ల సిరాతో ఒక గీత గీయమన్నాడు మేస్త్రీ. పని చేస్తూ ఉండగా ఆ గీత తిరగడం కనబడితే సరి. నిలిచిపోయినట్లు కనబడితే మనం నొక్కుడు ఎక్కువ చేశామని అర్థం. పైసా ఖర్చు లేని ఉపాయం.

కాంపౌండులో కోసే పదార్థం ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడు పొడి. ఇది పరాయిది కాదు. మన నవరత్నాలలో కెంపూ, నీలమూ ఈ పదార్థమే. మన కురువిందం కూడా ఇదే. ఒడిషాలో ఉన్న మన పాఠకులకు దామంజోడి తెలిసే ఉంటుంది. అక్కడ కొండ బాక్సైటు నుంచి తీసే అల్యూమినా ఈ వంశానిదే. అంత గట్టి పొడిని మెత్తని నూరుడు చేసి నూనెలతో కలిపితే కాంపౌండు. ముతకగా ఉంటే కోస్తుంది, సన్నగా ఉంటే నునుపు చేస్తుంది. దోసెకు పిండి, పెనం, మంట మూడూ కుదరాలి. దీనికి కాంపౌండు, బిళ్ళ మీది స్పాంజి, యంత్రం వేగం మూడూ కుదరాలి. గట్టి స్పాంజి ఎక్కువ కోస్తుంది, మెత్తనిది తక్కువ.

ఇక పని వరుస. కారును నీడలో, రేకు చల్లబడిన తరువాత బాగా కడగాలి. కడిగినా వేలికి గరగర తగిలితే, క్లే అనే జిగట ముద్దను సబ్బునీళ్ళతో జారవిడుస్తూ ఆ మురికిని లాగివేయాలి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా, స్పాంజి క్రింద పడి కొత్త గీతలు గీస్తుంది. తరువాత రబ్బరు అంచులకూ, మడతలకూ మాస్కింగ్ టేపు అంటించాలి. ఆ టేపు పుట్టిందే కారు రంగుల కోసం. 1925లో 3ఎం కంపెనీలో రిచర్డ్ డ్రూ అనే ఆయన, రెండు రంగులు వేసే పెయింటర్ల అవస్థ చూసి తయారు చేశాడు.

పని మొదలుపెట్టేటప్పుడు అన్నిటికన్నా మెత్తని పాలీషు, మెత్తని స్పాంజితోనే మొదలుపెట్టాలి. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు చూస్తే తెలుస్తుంది గదా, అలాగే ఒక చిన్న చోట చేసి చూడాలి. చాలకపోతేనే ఒక మెట్టు పైకి వెళ్ళాలి. అయితే మళ్ళీ రంగు వేసిన తలుపు వేరే కుండలో అన్నం. దాని మెతుకు విడిగా చూడాలి.

స్పాంజి మీద బఠాణీ గింజంత బొట్లు మూడో నాలుగో చాలు. యంత్రం ఆనించిన తరువాతే మీట నొక్కాలి, లేకపోతే కాంపౌండు మన చొక్కాకు మెరుగు పెడుతుంది. అడుగున్నర, రెండు అడుగుల చదరం మాత్రం తీసుకొని, తక్కువ వేగంతో పరచి, తరువాత వేగం పెంచి, క్షణానికి అంగుళం చొప్పున నిదానంగా నడపాలి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ప్రతి సాలూ ముందు సాలులో సగం మీదుగా పోవాలి. ఇలా నాలుగైదు సార్లు. స్పాంజి చదునుగా ఆని ఉండాలి. కొద్దిపాటి బరువు చాలు. తీగ భుజం మీదుగా వెనక్కి వేసుకోవాలి. ప్రతి చదరం అయిన తరువాత స్పాంజిని బ్రష్షుతో దులపాలి, ఎందుకంటే అరిగిన పొర పొడి అందులోనే కూర్చుంటుంది.

తుడిచిన తరువాత మురిసిపోవద్దు. కాంపౌండులోని నూనె గీతల్లో చేరి వాటిని దాస్తుంది. నీళ్ళు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఒకసారి తుడిచి, టార్చి వేసి చూస్తేనే నిజం తెలుస్తుంది. గోరుకు తట్టే గీత జోలికి పోనేవద్దు. అది పోయేదాకా రుద్దితే గీతతో పాటు పొరా పోతుంది. అది తగ్గితే చాలుననుకోవాలి. చివరకు మైనమో, సీలెంటో పూయాలి. అది గీతలు తీయదు, కాపలా కాస్తుంది.

నేను మాడ్చిన తలుపుకు మాత్రం వేరే గతి లేక మళ్ళీ రంగు వేయించాను. ఖర్చు నా జేబుది. కొత్త రంగు బాగా ఆరే వరకు, నెల రోజులైనా, దానికి మైనం వద్దన్నాడు మేస్త్రీ. మిగిలిన కారుకు ఆయన తన డి.ఏ. యంత్రం ఇచ్చి, రెండు ఆదివారాలు నా పక్కనే స్టూలు వేసుకొని కూర్చున్నాడు. బానెట్టు మీద మెత్తని పాలీషే సరిపోయింది. నీలం మళ్ళీ నీలమైంది.

ఆ రోజే టార్చి వేసి గీతలు చూపిస్తూ ఆయన, "ఇదెల్లా ఒణ బట్టె కెలస, స్వామీ" అన్నాడు. ఇదంతా పొడి గుడ్డ చేసిన పని అని. నాకు గుండెలో గుచ్చుకొన్నట్లయింది. దుమ్ము అంటే సన్నని ఇసుకే గదా. పొడి గుడ్డతో తుడిస్తే ఆ ఇసుకతోనే రుద్దినట్లు. అంటే పదేళ్ళు రోజూ అంత ప్రేమగా తుడిచి, ఆ గీతలన్నీ గీసింది మా బాబాయిగారే!

ఈ సంగతి పిన్నికి ఎలా చెప్పడం? ఆ సాయంత్రం ఆవిడే అడిగింది. "ఇన్ని గీతలు ఎలా పడ్డాయిరా?" నేను, "దుమ్ము వల్ల పిన్నీ" అని నసిగాను.

"దుమ్ము వల్లనా, మీ బాబాయి గుడ్డ వల్లనా? గుడ్డ తడుపుకోండి, గుడ్డ తడుపుకోండి అని రోజూ మొత్తుకొనేదాన్ని. ఆయన వింటేనా!" అని నవ్వింది. చాలా రోజులకు ఆవిడ నవ్వడం చూశాను.

తరువాత కారు చుట్టూ తిరిగి చూసింది. డ్రైవరు తలుపు పిడి దగ్గర ఆగింది. పిడి వెనుక గిన్నెలా ఉన్న గుంటలో కొన్ని గీతలు మిగిలి ఉన్నాయి. "అక్కడ యంత్రం పట్టదు పిన్నీ, రేపు చేత్తో రుద్దుతాను" అన్నాను. ఆవిడ అక్కడ వేలు పెట్టి, "ఇవి ఆయన ఉంగరం గీతలురా. వీటిని రుద్దకు" అన్నది.

రుద్దలేదు. మాఘమాసంలో పెళ్ళి జరిగింది. మా చెల్లెలు ఆ కారులోనే మంటపానికి వెళ్ళింది. పిన్ని ముందు సీటులో కూర్చున్నది. రంగు వేయించిన తలుపు మిగిలిన వాటికన్నా వీసమెత్తు మంద నీలంగా ఉన్నది గాని, మామిడాకుల మధ్య ఎవరూ కనిపెట్టలేదు. నాకు మాత్రం కనిపిస్తూనే ఉన్నది.

చదువరులకు చివరి మాట. పాలీషు కన్నా కడగడం ముఖ్యం. రెండు బక్కెట్లు పెట్టుకోండి, ఒకటి సబ్బునీళ్ళకు, ఒకటి గుడ్డ జాడించడానికి. పొడి గుడ్డతో దుమ్ము తుడవవద్దు. బోరు నీళ్ళు కారు మీదే ఆరనివ్వక మెత్తని మైక్రోఫైబరు గుడ్డతో వెంటనే అద్ది తీయండి. గీతలు పడకుండా చూసుకొంటే డిపాజిట్టు కదపనక్కరలేదు. తప్పనప్పుడు మెత్తగా మొదలుపెట్టండి. తలుపు పిడి వెనుక గీతలు తీసేముందు ఇంట్లో ఒక మాట అడగండి.

వచ్చే నెల ఇత్తడి దీపపు కుందులకు చిలుము వదల్చడం గురించి వ్రాస్తాను. అప్పటికి సెలవు.